గాబన్ అడవిలో బోలు కొమ్మల చెట్టు: చీమలు దానికి కాపలా కాస్తున్నాయా, దాన్ని తినేస్తున్నాయా?

ప్రశ్న: ఒకూమె నీడ

అందరికీ నమస్కారం. నేను రెండేళ్లుగా గాబన్ రాజధాని లిబ్రవిల్ సమీపంలోని ఒక ప్లైవుడ్ కర్మాగారంలో పర్యవేక్షకుడిగా పనిచేస్తున్నాను. ఈ దేశం 2010లో దుంగల ఎగుమతిని నిషేధించిన తరువాత ఒకూమె అనే ఇక్కడి కలప చెట్టు దుంగలను ఇక్కడే పొరలుగా ఒలిచే కర్మాగారాలు పెరిగాయి. ఆ దారినే నాలాంటి వారు కొందరు ఇక్కడికి చేరారు. రోజూ కలపతోనే పని అయినా, నిలబడి ఉన్న చెట్టును చూసే అవకాశం మాకు అరుదుగా వస్తుంది.

గత నెలలో దుంగల కొలతల పని మీద అడవి లోపలికి వెళ్లినప్పుడు ఒక చిన్న చెట్టు నా దృష్టిని ఆకర్షించింది. చుట్టూ ఉన్న మహావృక్షాల ముందు అది మరుగుజ్జులా ఉంది. ఎత్తు ఎనిమిది మీటర్లకు మించదు, కాండం నా పిక్క లావు ఉంటుందేమో. పక్క కొమ్మలు నేలకు సమాంతరంగా చాచుకుని, మొదటి నుంచి చివరి వరకు వెదురు గొట్టాల్లా కొద్దిగా ఉబ్బి ఉన్నాయి. కొమ్మకు అటూ ఇటూ పొడవైన పెద్ద ఆకులు వరుసగా ఉన్నాయి. అన్నిటికంటే వింతగా తోచినది దాని మొదలు. చుట్టుపక్కల అంతా తీగలు, మొలకలు అల్లుకుని కాలు పెట్టే చోటు లేకపోగా, ఆ చెట్టు కింద మాత్రం ఎవరో కలుపు తీసినట్టు గుండ్రంగా నేల కనిపిస్తోంది. చెట్టు మీద కూడా ఒక్క తీగ లేదు.

అలసటగా ఉండి దాని కాండానికి చేయి ఆనించబోతే, మాకు దారి చూపిస్తున్న స్థానికుడు నా మోచేయి పట్టుకుని వెనక్కి లాగాడు. తరువాత తన కత్తి వెనుక వైపుతో కాండాన్ని రెండుసార్లు తట్టి చూపించాడు. క్షణాల్లో కొమ్మలకున్న చిన్న రంధ్రాల నుంచి పొడవాటి నల్లచీమలు బయటికి వచ్చాయి. మేము దూరంగానే నిలబడ్డామనుకున్నాను కానీ, పై కొమ్మ నుంచి ఒకటి నా మెడ మీద రాలి కుట్టింది. కుట్టిన చోట మొదట మొద్దుబారినట్టయి, ఆ తరువాత మొదలైన సలుపు మరునాటి సాయంత్రం దాకా తగ్గలేదు. శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. ఈ చెట్టు దగ్గర ఆ ఆజ్ఞ ముందే ఇచ్చేసినట్టుంది.

ఇది ఏ చెట్టు? కింద నేలను శుభ్రం చేసినది ఎవరు? నా అసలు సందేహం మరొకటి: కొమ్మలన్నీ గుల్ల అయ్యాయంటే, మన మామిడిలో కాండం తొలిచే పురుగులాగా ఈ చీమలు చెట్టును లోపలి నుంచి తినేస్తున్నాయా? అలాగైతే చెట్టు అంత పచ్చగా ఎలా ఉంది?

జవాబు 1: విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు

మీ వర్ణన చదివాక నాకు సందేహం లేదు. మీరు చూసినది బార్టేరియా ఫిస్టులోసా. నైజీరియా నుంచి కామెరూన్, గాబన్, కాంగోల మీదుగా విస్తరించిన సతత హరితారణ్యాల్లో, పెద్ద చెట్ల పందిరి కింద నీడలో పెరిగే చిన్న వృక్షం ఇది. సాధారణంగా పది, పదిహేను మీటర్ల లోపే ఆగిపోతుంది. కుటుంబం పాసిఫ్లోరేసీ, అంటే మన పెరళ్లలో పందిరికి పాకించే కృష్ణకమలం తీగకు ఇది దూరపు బంధువు. పూలు తెల్లగా, కాడ లేకుండా కొమ్మను అంటిపెట్టుకుని ఆకుల మొదళ్లలో పూస్తాయి; ఈసారి పూతకాలంలో వెళితే గమనించండి.

పేరు గురించి రెండు మాటలు చెబుతాను, ఎందుకంటే మీ సందేహానికి సగం జవాబు అందులోనే ఉంది. నైగర్ నది అన్వేషణ యాత్రలో మొక్కలు సేకరిస్తూ 1859లో అక్కడే మరణించిన ఛార్లెస్ బార్టర్ జ్ఞాపకార్థం ఈ ప్రజాతికి బార్టేరియా అని పేరు పెట్టారు. ఫిస్టులోసా అనేది లాటిన్ మాట. గొట్టంలా బోలుగా ఉన్నది అని అర్థం. ఈ ప్రజాతిని 1999లో పునఃపరిశీలించిన బ్రెటెలర్ నాలుగు జాతులను గుర్తించాడు. వాటిలో ఒకదాని పేరు సోలిడా. దాని కొమ్మలు గట్టిగా, నిండుగా ఉంటాయి, కాబట్టి చీమలకు అక్కడ నివాసం లేదు. సముద్రతీరానికి దగ్గరగా పెరిగే నైగ్రిటానాలో గదులు చిన్నవి. అందులో దొరికిన చోటల్లా కాపురం పెట్టే రకరకాల చిన్న చీమలు చేరుతుంటాయి. మీరు చూసిన ఫిస్టులోసాలో మాత్రం కొమ్మ మొత్తం ఒక పొడవాటి గది.

దీన్నిబట్టి ఆ గుల్లతనం చీమలు తొలిచి చేసినది కాదని, ఆ జాతి పెరుగుదలలోనే ఉన్నదని తెలుస్తుంది. చీమలు కొరికి చేసుకునేది ద్వారం మాత్రమే. వాటి నివాసం పక్క కొమ్మలే కాబట్టి, చెట్టును నిలబెట్టే ప్రధాన కాండానికి ముప్పు లేదు. కాండం తొలిచే పురుగుతో పోలిక ఇక్కడ కుదరదు. పురుగు తినే చోటే నివసిస్తుంది. ఈ చీమ నివసించే చోటును తినదు.

కుట్టిన చోటు సంగతి కూడా చెప్పాలి. సలుపు ఒకటి రెండు రోజులు ఉండడం ఈ చీమ విషయంలో మామూలే. అయితే ఎప్పుడైనా ఊపిరి ఆడకపోవడం, ముఖం వాయడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

జవాబు 2: చీమలబారు

మాస్టారు చెట్టు సంగతి చెప్పారు కాబట్టి నేను చీమ సంగతి చెబుతాను. కీటకశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. నా పని వేరే చీమల మీద అయినా, ఈ చీమ గురించి చదవకుండా మా శాస్త్రంలో ఎవరూ ముందుకు పోలేరు.

దీని పేరు టెట్రాపోనెరా ఈథియోప్స్. పాత రచనల్లో పాకిసిమా అనే ప్రజాతి పేరు కనిపిస్తుంది. మన తోటల్లో చెట్ల కాండాల మీద ఒంటరిగా తిరిగే, తల, పొట్ట నల్లగా ఉండి నడుమ భాగం ఎర్రగా ఉండే సన్నని పొడవాటి చీమను మీరు చూసే ఉంటారు. చిన్నప్పుడు చెట్టెక్కి దానితో కుట్టించుకోని పల్లెటూరి వారు తక్కువ. అది టెట్రాపోనెరా రూఫోనైగ్రా, అంటే మిమ్మల్ని కుట్టిన చీమకు మన దేశపు దాయాది. అయితే మన చీమ ఏ ఎండుపుల్ల దొరికినా సర్దుకుపోతుంది. ఆఫ్రికా చీమ బార్టేరియాను తప్ప మరో ఇంటిని ఎరగదు.

ఇక నేలను శుభ్రం చేసినది ఎవరన్న ప్రశ్న. చీమలే. డేనియల్ జాన్జెన్ నైజీరియా అడవిలో ఈ చెట్లను గమనించి 1972లో వివరంగా రాశాడు. అంతకు కొన్నేళ్ల ముందు మెక్సికోలో తుమ్మజాతి చెట్లకూ వాటి ముళ్లలో ఉండే చీమలకూ ఉన్న పొత్తును నిరూపించినది ఆయనే. చీమలు ఉన్న బార్టేరియా మీద తీగ కొస తాకితే చీమలు దాన్ని కొరికి పడేస్తాయని, ఆకుల పైభాగాన పడే చెత్తనూ పెరిగే నాచునూ ఎప్పటికప్పుడు తీసేస్తాయని, చీమలు లేని చెట్లు పురుగులకూ తీగలకూ ఎక్కువగా లోబడతాయని ఆయన గమనించాడు. కాంగో అడవిలో జపాన్ పరిశోధకులు 1999లో ప్రచురించిన పరిశీలన ఈ కలుపుతీతకు మరో కారణాన్ని చూపింది. పక్క మొక్కల ఆకులు తగులుతుంటే అవి శత్రు చీమలకు వంతెనలవుతాయి. చుట్టూ ఖాళీ నేల ఉంటే కోటకు కందకం ఉన్నట్టే. కాబట్టి మీరు చూసిన గుండ్రటి జాగాను చెట్టు మీద ప్రేమతో చేసిన సేవ అనుకోకండి. తమ ఇంటికి తాము చేసుకున్న రక్షణ అది. దాని లాభం చెట్టుకూ అందుతుంది, అంతే.

మీ మెడ మీద రాలిన చీమ సంగతి నాకు మరీ ఆసక్తికరం. ఆకు తినే గొంగళిపురుగును తరిమేందుకు అంత విషం అవసరం లేదు. పెద్ద జంతువులను, అంటే ఆకులు మేసే కోతులను, ఏనుగులను దూరంగా ఉంచడానికే ఈ కుట్టు ఇంత తీవ్రంగా తయారైందని జాన్జెన్ వాదించాడు. ఇదే చెట్టులో నివసించే టెట్రాపోనెరా లాటిఫ్రాన్స్ అనే మరో చీమ చిన్నది, ఇంత దూకుడు లేనిది. ఆ రెండింటినీ పోల్చి ఆయన ఈ మాట అన్నాడు. తరువాత 1974లో డోయల్ మెక్కీ ఒక చక్కని సంఘటనను నమోదు చేశాడు. కామెరూన్ అడవిలో ఒక నల్ల కొలోబస్ కోతి, చీమలు లేని బార్టేరియాను ఎంచుకుని దాని ఆకులు తిన్నది. ఒక్క కోతి చేసిన పనితో సిద్ధాంతం నిలబడదన్నది నిజమే. కానీ ఆకులు రుచిలేనివి కావని, కోతిని ఆపుతున్నది చీమలేనని అనుమానించడానికి అంతకంటే సూటి ఆధారం ఏముంటుంది?

జవాబు 3: నూజివీడు మామిడి రైతు

అయ్యా, నేను శాస్త్రవేత్తను కాను, కానీ నాకు చీమలతో ముప్పై ఏళ్ల పేచీ ఉంది. మా తోటలో కొమ్మ మీద చీమలు బారులు తీరాయంటే ఆ కొమ్మకు పిండినల్లి గానీ పొలుసు పురుగు గానీ పట్టిందని మేము లెక్కవేసుకుంటాము. అవి చెట్టు రసం పీల్చి విసర్జించే తియ్యటి జిగట కోసం చీమలు వాటిని గొడ్లను కాచినట్టు కాస్తాయి. ఆ జిగట మీద మసి తెగులు పట్టి ఆకు నల్లబడిపోతుంది. మరి ఈ ఆఫ్రికా చెట్టు గుల్ల కొమ్మల్లో అంత చీమల దండు ఏం తిని బతుకుతోంది? చెట్టు కింద కలుపు తీసినంత మాత్రాన కూలివాడు ఉచితంగా చేశాడని అనుకోలేము కదా. కూలి ఎవరు ఇస్తున్నారో, ఎంత ఇస్తున్నారో చెప్పకుండా పొత్తు గొప్పదంటే నేను ఒప్పుకోను.

జవాబు 4: చీమలబారు

రైతు గారూ, మీరు అడిగినది ఈ విషయంలో అడగవలసిన ప్రశ్న. మీ అనుమానం కూడా సరైనదే: బార్టేరియా కొమ్మల లోపల పొలుసు పురుగులు ఉంటాయి, చీమలు వాటిని పోషించుకుంటాయి, ఆ రసం చెట్టుదే. కూలి చెట్టే ఇస్తోంది.

అయితే చీమల భోజనం అంతటితో ఆగదు. ఆకుల మీద వాలిన పురుగుల కదలికను ఆకు ప్రకంపనల ద్వారానే దూరం నుంచి పసిగట్టి దాడిచేస్తాయని, వేట కూడా వాటి ఆహారంలో భాగమని 2008లో దెజాన్, ఆయన సహచరులు చూపారు. ఇంకా వింతైనది ఆకుల శుభ్రత. అది కూడా ఒక విధంగా భోజనమే. ఈ వర్గపు చీమలు తాము గీకి తీసిన శిలీంధ్ర బీజాలు, పుప్పొడి, మొక్కల తునకలను నోటి కింది సంచిలో చిన్న ఉండగా చుట్టి, లార్వాల మెడ కింద ఉండే జేబు వంటి భాగంలో పెడతాయని వీలర్, బెయిలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1920లోనే వివరించారు. అంటే మనకు ఇల్లు తుడవడంలా కనిపించేది వాటికి పిల్లల ముద్ద.

ఇక్కడ దారి తప్పకుండా ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. ఈ చీమల లార్వాలకు నోటి చుట్టూ బుడిపెల వంటి అవయవాలు ఉంటాయి. వాటి నుంచి ఊరే ద్రవాన్ని పెద్ద చీమలు నాకుతాయి. కాంగో నుంచి తెచ్చిన ఈ లార్వాలను పరిశీలించిన వీలర్, సంఘజీవనానికి మూలం ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడమేనని భావించి, దానికి 1918లో ట్రోఫలాక్సిస్ అనే పదాన్ని సృష్టించాడు. ఈనాడు చీమలు, తేనెటీగల గురించి ఏ పాఠ్యపుస్తకం తెరిచినా కనిపించే ఆ పదం పుట్టడంలో మీ గాబన్ చెట్టు చీమకు ప్రధాన పాత్ర ఉంది.

సరే, లెక్కకు వద్దాము. గుల్ల కొమ్మల గోడలకు ఒక నల్లని శిలీంధ్రం అంటుకుని పెరుగుతుంది. బార్టేరియాతో పాటు ఆఫ్రికాలోనే లియోనార్డోక్సా అనే మరో చిన్న చెట్టులో కూడా ఇదే వర్గపు శిలీంధ్రాన్ని గుర్తించి 2009లో ప్రకటించారు. ఏదో తేమకు పట్టిన బూజు కాదది. చీమలు కాపురం ఉన్న గదుల్లో, వాటి సంరక్షణలోనే అది పెరుగుతుంది. కాబట్టి కొమ్మ లోపల ఇద్దరు కాదు, కనీసం నలుగురు ఉన్నారు: చెట్టు, చీమ, పొలుసు పురుగు, శిలీంధ్రం.

మరి ఇంత ఖర్చు చెట్టుకు ఎందుకు గిట్టుబాటు అవుతోంది? నా అభిప్రాయంలో దీనికి జవాబు నీడలో ఉంది. మీ మామిడి ఎండలో ఉంటుంది. ఒక కొమ్మ ఆకు పురుగుకు పోయినా మళ్లీ చిగురించే శక్తి దానికి ఉంటుంది. పెద్ద అడవి కింది అంతస్తులో నేలకు చేరే వెలుగు చాలా స్వల్పం. అక్కడి మొక్క ఒక పెద్ద ఆకును తయారు చేసిందంటే, ఆ పెట్టుబడి తిరిగి రాబట్టుకోవడానికి ఆ ఆకు చాలా కాలం బతకాలి. మధ్యలో గొంగళిపురుగు తిన్నా, కోతి తెంపినా, పైన నాచు కప్పేసి ఉన్న కాస్త వెలుగునూ ఆపినా ఆ నష్టాన్ని పూడ్చుకునే తాహతు దానికి లేదు. తీగ ఎక్కితే ఇక చెప్పనవసరమే లేదు. ఆదాయం తక్కువైన ఇంట్లోనే గింజ గింజకూ కాపలా కావాలి. కొంత రసాన్ని పొలుసు పురుగుల ద్వారా జీతంగా ఇచ్చి, ఏళ్ల తరబడి బతికే ఆకును కాపాడుకోవడం అందుకే లాభం.

మీ తోటలో ఈ లెక్క తలకిందులు కావడానికి కారణం కూడా ఇదే. అక్కడి చీమకు మామిడి చెట్టు ఇల్లు కాదు, మేత బీడు. పిండినల్లి ఎక్కడుంటే అక్కడికి పోతుంది. చెట్టు చచ్చినా దానికి పోయేదేమీ లేదు. ఈథియోప్స్ చీమకు చెట్టు పడిపోతే ఇల్లే పోతుంది. మిగతా ఏర్పాటంతా ఆ తేడా మీదే నిలబడి ఉందని నేననుకుంటాను.

జవాబు 5: కొడగు కాఫీతోట

ఇలాంటి చెట్టు మన దేశంలో ఉందా అని ఎవరైనా అడుగుతారేమోనని చూశాను, అడగకపోయినా చెబుతున్నాను. నేను అనంతపురం వాడిని, ఉద్యోగరీత్యా కొడగులో ఉంటున్నాను. ఇక్కడి పడమటి కనుమల అడవుల్లో నీడలో పెరిగే హంబోల్టియా బ్రునోనిస్ అనే చిన్న చెట్టుకు కూడా ఉబ్బిన గుల్ల కణుపులు ఉంటాయి, వాటికి ఒక సహజమైన చీలిక వంటి ద్వారం ఉంటుంది. కానీ ఒకే అడవిలో కొన్ని చెట్లకు ఆ గదులు ఉంటాయి, కొన్నింటికి ఉండవు. గదుల్లో చేరేవారు కూడా ఒకరు కాదు: అనేక జాతుల చీమలు, ఒక చిన్న తేనెటీగ, చివరికి వానపాము కూడా. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన రెనీ బోర్జెస్ బృందం దీన్ని ఏళ్ల తరబడి పరిశీలించింది. అన్ని చీమలూ చెట్టును కాపాడవని, సరైన చీమ దొరికిన చోటే గదులున్న చెట్టుకు నిజమైన ప్రయోజనం ఉందని వారి ప్రయోగాల్లో తేలింది.

చీమలు పెట్టిన పుట్ట పాములపాలైనట్టు, చెట్టు కట్టిన గదులు ఎవరెవరి పాలో అవుతున్నాయన్నమాట. బార్టేరియాలో కూడా అనర్హులు చేరి కూర్చోవడం జరుగుతుందా? చీమలబారు గారు చెప్పాలి.

జవాబు 6: చీమలబారు

జరుగుతుంది, ముఖ్యంగా చెట్టు చిన్నదిగా ఉన్నప్పుడు. మొక్కకు తొలి గుల్ల కొమ్మలు ఏర్పడే నాటికి అందులో ఒక్క చీమ కూడా ఉండదు. ఎక్కడి నుంచో ఎగిరివచ్చిన రాణి చీమ కొమ్మకు కన్నం చేసుకుని లోపలికి దూరి, ఒంటరిగా గుడ్లు పెట్టి తొలి సంతానాన్ని పెంచుకోవాలి. ఈలోగా ఇతర చీమలు ఆ గది ఆక్రమించుకోవచ్చు, ఒకే మొక్క మీద ఇద్దరు ముగ్గురు రాణులు వేర్వేరు కొమ్మల్లో కాపురం పెట్టవచ్చు. ఏదో ఒక దండు బలపడి చెట్టంతా తనది చేసుకునే దాకా ఆ మొక్కకు గట్టి కాపలా ఉండదు. మెక్కీ చూసిన కోతికి దొరికినది కూడా కాపలా లేని చెట్టే కదా.

ఒకూమె నీడ గారూ, మళ్లీ వెళ్లినప్పుడు ఆ పెద్ద చెట్టు కంటే, దాని చుట్టుపక్కల ఉండే మనిషెత్తు మొక్కలను చూడండి. కింద నేల శుభ్రంగా లేకుండా, ఆకుల మీద నాచు పట్టి, కొమ్మలకు రంధ్రం లేని మొక్క కనిపిస్తే అది ఇంకా రాణి రాని మొక్క. అటువంటిదీ, చీమలున్నదీ పక్కపక్కన దొరికితే రెండింటి ఆకులకూ ఫోటోలు తీయండి. ఇక్కడ ఎంత రాసినా చెప్పలేనిది ఆ రెండు ఫోటోలు చెబుతాయి.

ప్రశ్న అడిగినవారు: ఒకూమె నీడ

అందరికీ ధన్యవాదాలు. చెట్టు పేరు అడగడానికి వచ్చి ఇంత తెలుసుకుంటానని అనుకోలేదు. మీ జవాబులు చదివాక మాకు దారి చూపిన ఆయన్ను ఫోనులో అడిగాను. అడవిలో బాట వేసేటప్పుడు ఈ చెట్టు అడ్డం వస్తే తమ వారు దాన్ని నరకరని, బాటనే పక్కకు తిప్పుతారని చెప్పాడు. చెట్టు మీద దయా అని అడిగితే నవ్వి, మొదటి గొడ్డలి వేటుకు పైనుంచి ఎన్ని చీమలు రాలుతాయో నీకు ఒకటితోనే తెలిసింది కదా అన్నాడు.

వచ్చే నెలలో మళ్లీ అటు వెళ్లే పని ఉంది. రాణి రాని మొక్క కోసం వెతికి ఫోటోలు ఇక్కడే పెడతాను. ఈసారి మెడకు తువ్వాలు చుట్టుకుని వెళతాను.